ఫ్యాను ఎవరి పేరు మీద?

(అనంతపురంలో రైతులు, ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక సభలో విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు వీలైనంత మారకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను. పేపర్లలో పవన విద్యుత్తు అని రాస్తారు, పుస్తకాల్లో గాలిమర అంటారు. మన జిల్లాలో మాత్రం అందరూ ఫ్యాను అనే అంటారు. నేనూ ఫ్యాను అనే అంటాను. ఎన్నికల గుర్తు గురించి మాట్లాడుతున్నానని మాత్రం అనుకోవద్దు. (నవ్వులు)

నేను ఇంజనీరును కాదు. రెక్క ఎంత పొడవుండాలి, టవర్ ఎంత ఎత్తుండాలి అనేది ఇక్కడున్న పిల్లలు నాకు చెప్పాలి. నేను ముప్పై ఏళ్లకు పైగా లోన్ల సీట్లో కూర్చున్నవాణ్ణి. ఎవరైనా ఏదైనా కడతానని వస్తే నాకు తట్టేవి మూడే ప్రశ్నలు. చేతిలో ఎంత ఉంది? వాయిదా ఎక్కణ్ణుంచి కడతావు? నీకు డబ్బులు రావాల్సిన చోటు నమ్మదగిందేనా? ఈ రోజు ఫ్యాను గురించి కూడా ఆ మూడు ప్రశ్నలే అడుగుతాను.

బెళుగుప్ప వైపు నుంచి ఒక రైతు వచ్చేవాడు మా బ్రాంచికి. వేరుశనగ క్రాప్ లోన్ రెన్యువల్ కోసం. ఒకసారి కాగితాల మీద సంతకాలన్నీ అయ్యాక కూడా లేవలేదు. "సారూ, ఒగ మాట. నా చేన్లో కంపెనీ వాళ్లు ఫ్యాను నిలబెట్టినారు. ఆషాఢంలో రేయింబగలూ తిరుగుతానే ఉంటాది. పక్క చేన్లో నాదే ఒగటి నిలబెట్టుకుంటా, లోన్ ఇస్తారా?" అన్నాడు. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఆయన తమాషాకి అడగలేదు. గాలి తన చేను మీదుగా పోతున్నది, నేల తనది, మరి ఆ దుడ్లు ఎవరికి పోతున్నాయన్నది ఆయన ప్రశ్న.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని లెక్క వేశాను. ఒక మెగావాట్ ఫ్యానుకు ఆరు కోట్లు అనుకుందాం. సరే, అంత డబ్బు రైతు దగ్గర లేదు, అందుకే కుదరదు అని లెక్క ముగించవచ్చు. కానీ డబ్బు ఒక్కటే అడ్డమైతే పది ఊళ్లు కలిసి కట్టొచ్చు కదా? అసలు అడ్డం వేరే చోట ఉంది. ప్రభుత్వం ఫ్యాన్లకు ఇచ్చిన ప్రోత్సాహం ఏ రూపంలో ఇచ్చిందో చూడండి.

మన దేశంలో చాలా ఏళ్లు ఫ్యాన్లను నిలబెట్టింది వేగవంతమైన తరుగుదల. డిప్రిసియేషన్ అంటారు ఆడిటర్లు, మిషన్ అరిగి విలువ తగ్గినంత మొత్తాన్ని ఖర్చు కింద రాసుకోవడం. 1990ల్లో మొదటి ఏడాదే నూటికి నూరు శాతం, తర్వాత 80 శాతం తరుగుదల చూపించుకోవచ్చు అన్నారు. అంటే ఆరు కోట్ల ఫ్యాను కొంటే, మొదటి ఏడాదే 4 కోట్ల 80 లక్షలు ఖర్చు కింద రాసుకోవచ్చు. ముప్పై శాతం పన్ను కట్టే కంపెనీ అయితే ఆ ఏడాది 1 కోటి 44 లక్షల పన్ను కట్టక్కర్లేదు. అది మాఫీ కాదు, తర్వాతి ఏళ్లకు వాయిదా వేయడం. కానీ ఈ రోజు చేతిలో మిగిలిన రూపాయి విలువేమిటో బ్యాంకు వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన రైతును తీసుకుందాం. వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు. కట్టని పన్నులో మినహాయింపు ఇస్తే ఆయనకు వచ్చేదేమిటి? సున్నా. పంచాయతీకీ సున్నా. మహిళా సంఘానికీ సున్నా. ఆ ప్రోత్సాహం లాభాలున్న కంపెనీకి మాత్రమే పనికొస్తుంది. అందుకే గాలితో ఏ సంబంధమూ లేని వ్యాపారాల వాళ్లు కూడా ఫ్యాన్లు కొన్నారు. ఇంకో విచిత్రం. ఏడాదిలో 180 రోజులకు తక్కువ వాడితే తరుగుదల సగమే ఇస్తారు. కాబట్టి సెప్టెంబరు నెలాఖరులోపు ఎలాగైనా తిప్పేయాలి, అది కాకపోతే మార్చి 31 లోపు. మన గాలి మే, జూన్‌లో మొదలై సెప్టెంబరుకు తగ్గుతుంది. గాలి పోయేవేళకు ఫ్యాను బిగిస్తే ఎవరికి పండగ? (నవ్వులు) ఆడిటర్‌కు. తిరిగినా తిరగకపోయినా పన్ను లాభం వచ్చేస్తుంది మరి.

ఈ లోపం ఢిల్లీ వాళ్లకు తెలియక కాదు. 2009 డిసెంబరులో ఇంకో పథకం తెచ్చారు. గ్రిడ్‌కు ఇచ్చిన ప్రతి యూనిట్‌కు 50 పైసలు, కొనుగోలు ధరకు అదనంగా. తరుగుదల తీసుకున్నవాళ్లకు ఇది లేదు, రెంటిలో ఒకటే ఎంచుకోవాలి. నా దృష్టిలో ఇది చాలా మంచి పథకం. తిరిగితేనే డబ్బు. 2017 మార్చితో అది ముగిసింది. 2012లో ఒకసారి తరుగుదలను 15 శాతానికి కోశారు, 2014లో మళ్లీ 80 చేశారు, 2017 నుంచి 40. ఇరవై ఏళ్ల ఆస్తికి ఇలా రెండేళ్లకోసారి నిబంధన మారితే, పెద్ద కంపెనీ తట్టుకుంటుంది. ఊరి సంఘం తట్టుకోలేదు.

ఇక డెన్మార్క్ సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

ఆ దేశంలో చమురు ధరలు పెరిగిన 1970ల్లో వడ్రంగులు, కమ్మర్లు, బళ్లో పంతుళ్లు ఫ్యాన్లు చేయడం మొదలుపెట్టారు. మాట వరసకు చెప్పడం లేదు. ట్వీండ్ అనే చోట ఒక బడి టీచర్లు, వాళ్ల విద్యార్థులు, వచ్చిన వలంటీర్లు కలిసి 2 మెగావాట్ల ఫ్యాను కట్టి 1978లో తిప్పారు. 1979లో ప్రభుత్వం, ఫ్యాను కొంటే ఖర్చులో 30 శాతం మేమిస్తాం అంది. మన డ్రిప్ సబ్సిడీ లాగే. అయితే ఒక షరతు: రీసో అనే పరీక్షా కేంద్రం పాస్ చేసిన మోడల్ అయితేనే. దాంతో రెక్కలు విరిగిపడే మిషన్లు బజారులో నిలవలేదు. ఏటేటా సబ్సిడీ తగ్గిస్తూ వచ్చి, 1989లో పూర్తిగా తీసేశారు. ఎత్తేస్తాం అని ముందే తెలుసు కాబట్టి, తయారీదార్లు ధర తగ్గించుకోక తప్పలేదు.

సబ్సిడీ పోయాక మరి ఏం మిగిలింది? నాకు నచ్చింది ఇక్కడే. 1990ల్లో చట్టం ఏం చెప్పిందంటే, ఇళ్లకు కరెంటు ఏ ధరకు అమ్ముతున్నారో అందులో 85 శాతం ధరకు ఫ్యాను కరెంటు కొనాల్సిందే. దానికి తోడు విద్యుత్తు మీద వేసిన పన్నులో కొంత ఫ్యాను వాళ్లకు తిరిగి ఇచ్చేవారు. ఫ్యాను నుంచి లైను దాకా ఖర్చు ఫ్యాను వాళ్లది, లైను బలం చాలకపోతే దాన్ని పెంచే ఖర్చు కరెంటు కంపెనీది. చూడండి, ఈ చివరిది డబ్బు రూపంలో కనపడని సాయం. కానీ లోన్ ఇచ్చేవాడి కంటికి అదే ముందు కనపడుతుంది. "సబ్‌స్టేషన్ ఖర్చు ఎవరిది?" అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఎన్ని ప్రాజెక్టు ఫైళ్లు మూలపడతాయో నాకు తెలుసు.

పన్ను విషయంలో వాళ్లు మనకు తలకిందులు. చిన్న వాటాదారుకు ఫ్యాను మీద వచ్చే ఏటి ఆదాయంలో మొదటి 3,000 క్రోనర్ల మీద, అంటే వాళ్ల డబ్బులో, పన్ను లేదు. పెద్దవాడికి 3,000 ఒక లెక్క కాదు. నాలుగైదు వాటాలున్న టీచరుకు, నర్సుకు అదే లాభం. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది మొదట్లో: ఫ్యానుకు దగ్గర్లో ఉండేవాళ్లే వాటా కొనాలి, అదీ తమ ఇంటి వాడకాన్ని బట్టి ఒక పరిమితి లోపల. అంటే ఊరు బయటి షావుకారు వచ్చి అన్నీ ఊడ్చుకుపోయే వీల్లేదు. 2000 నాటికి లక్షకు పైగా కుటుంబాలకు ఫ్యాన్లలో వాటాలుండేవి. ఆ దేశం మొత్తం జనాభా అప్పటికి 53 లక్షలు.

ఒక్క ఉదాహరణ దగ్గర్నుంచి చూద్దాం. కోపెన్‌హాగెన్ రేవుకు మూడు, నాలుగు కిలోమీటర్ల దూరంలో సముద్రంలో మిడెల్‌గ్రుండెన్ అని ఫ్యాన్ల వరస ఉంది. 20 ఫ్యాన్లు, ఒక్కొక్కటి 2 మెగావాట్లు. 2000 చివర్లో తిరగడం మొదలైంది. అప్పట్లో సగం నగర విద్యుత్ సంస్థది, సగం సహకార సంఘానిది. సంఘం వాటాను 40,500 ముక్కలు చేశారు. ఒక ముక్క 4,250 క్రోనర్లు. ఒక ముక్కకు ఏడాదికి సుమారు 1,000 యూనిట్లు వస్తాయని అంచనా. ఇంటికి ఏడాదికి 4,000 యూనిట్లు కాలుతుందా, నాలుగు ముక్కలు కొను. ఇంత సులువుగా చెప్పారు జనానికి. 8,500 మందికి పైగా కొన్నారు. ఎన్ని ముక్కలున్నా మనిషికి ఒకే ఓటు.

బ్యాంకు వాడిగా నాకు ముద్దొచ్చిన సంగతి ఇంకోటుంది. అది భాగస్వామ్య సంఘం కాబట్టి, అప్పుంటే సభ్యులందరి మెడకూ చుట్టుకుంటుంది. అందుకని సంఘం అసలు అప్పే చేయకూడదని నియమం రాసుకున్నారు. మరి డబ్బు లేని సభ్యుడు? తన ముక్కను బ్యాంకులో తాకట్టు పెట్టి తానే లోన్ తెచ్చుకుంటాడు. సంఘం మీద పైసా అప్పు లేదు. ఇరవై ఏళ్లు డ్వాక్రా లోన్లు చూసినవాణ్ణి, గ్రూపులో ఒకరు ఎగ్గొడితే మిగతా తొమ్మిది మంది ఇళ్లలో జరిగే గొడవలు చూసినవాణ్ణి చెప్తున్నా, ఈ నియమం రాసినాయనకు దండం పెట్టాలి.

మొదట అక్కడ మూడు వరసల్లో 27 ఫ్యాన్లు అనుకున్నారు. ఊరివాళ్లు చూడ్డానికి బాగాలేదన్నారు. దాంతో 20కి తగ్గించి, విల్లు వంపులో ఒకే వరసగా పెట్టారు. వాటా ఉన్నవాడు అడ్డం చెప్పడని కాదు. అతను చెప్తే వినక తప్పదు, అంతే తేడా.

అక్కడా అంతా కొనసాగిందని చెప్తే అబద్ధం. 2000 తర్వాత ధర హామీ పోయి, మార్కెట్ ధర మీద చిన్న బోనస్‌గా మారింది. కొత్తగా సంఘాలు పెట్టుకుని ఫ్యాన్లు నిలబెట్టడం బాగా తగ్గిపోయింది. ఊళ్లల్లో వ్యతిరేకత మొదలైంది. 2009 చట్టంలో, కొత్త ఫ్యాన్లలో కనీసం 20 శాతం వాటాలను ముందు స్థానికులకు ఇవ్వజూపాలని, నాలుగున్నర కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్లకు మొదటి హక్కు అని పెట్టారు. 2020లో అదీ తీసేసి, ఫ్యాను ఎత్తుకు ఎనిమిది రెట్ల దూరంలోపు ఇల్లున్నవాళ్లకు ఏటా ఇంత బోనస్ అని మార్చారు. ఓనర్ కాస్తా పింఛనుదారు అయ్యాడు. డబ్బు వస్తుంది, నిజమే. మీటర్ రీడింగ్ అడిగే హక్కు పోయింది.

జర్మనీ గురించి రెండు ముక్కలు. అక్కడ 1991 నుంచే గ్రిడ్ వాళ్లు నిర్ణయించిన ధరకు కొనాలని చట్టం, 2000 నుంచి ఇరవై ఏళ్ల హామీ. దాని మీదే వేల కొద్దీ రైతులు, సంఘాలు ఫ్యాన్లు పెట్టాయి. 2017లో వేలం పద్ధతి తెచ్చారు, ఎవరు తక్కువ ధరకు కరెంటు ఇస్తామంటే వాళ్లకే అవకాశం. వేలంలో చిన్నవాళ్లు నలిగిపోతారని పౌర సంఘాలకు రాయితీలిచ్చారు: పర్మిషన్ చేతికి రాకముందే వేలం పాడవచ్చు, కట్టడానికి ఎక్కువ గడువు, గెలిస్తే ఆ వేలంలో ఆమోదించిన అన్నిటికన్నా ఎక్కువ ధర. సంఘం అంటే ఏమిటి? కనీసం పదిమంది మనుషులు, ఓట్లలో మెజారిటీ ఆ జిల్లా వాళ్లది. ఆ ఏడాది వేలాల్లో 90 శాతానికి పైగా సామర్థ్యం సంఘాల పేరుతోనే గెలిచారు! ఇంత మంది రైతులు ఒక్కసారి ఎక్కణ్ణుంచి వచ్చారు? మీకు అర్థమైంది, నవ్వుతున్నారు. వాటిలో చాలా వాటి వెనక ఉన్నది పెద్ద డెవలపర్లే. బినామీ అనే మాట మనకుంది, జర్మన్లకు లేదేమో. చట్టప్రకారం తప్పేమీ కాదు, పేరు ఒకరిది, పెత్తనం ఒకరిది. పైగా గడువు ఎక్కువ కావడంతో కట్టకుండా కూర్చున్నవి చాలా. మరుసటి ఏడాదే పర్మిషన్ రాయితీని ఆపేశారు.

అమెరికాలో అయితే మన రోగమే. అక్కడ ఫ్యానుకు 1992 నుంచి ఇస్తూ వచ్చింది ఆదాయపు పన్ను క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులో నేరుగా కోత. మిన్నెసోటా రైతుకు అంత పన్నెక్కడిది? కాబట్టి వాళ్లొక కిటుకు కనిపెట్టారు. మొదటి పదేళ్లు ఫ్యానులో 99 శాతం వాటా పన్ను కట్టే పెద్ద ఇన్వెస్టర్‌కు, ఒక్క శాతం రైతుకు. పదేళ్లకు క్రెడిట్ అయిపోగానే తిరగబడి రైతుకు 99. మిన్నెసోటా ఫ్లిప్ అని పేరు. కౌలుకిచ్చిన తోటను చెట్లు ముదిరాక వెనక్కి తీసుకున్నట్టు. అదే రాష్ట్రం, రెండు మెగావాట్ల లోపు ఫ్యాన్లకు యూనిట్‌కు ఒకటిన్నర సెంట్లు పదేళ్లపాటు నేరుగా ఇచ్చింది. లువెర్న్ అనే ఊరి దగ్గర 2002లో రైతులు కంపెనీ పెట్టుకుని ఫ్యాన్లు నిలిపారు. వాటాల్లో 85 శాతం రైతులవే ఉండాలి, ఏ ఒక్కరికీ 15 శాతం దాటకూడదు అని రాసుకున్నారు. పన్నుతో పనిలేకుండా డబ్బు చేతికిస్తే రైతు కూడా ఓనరవుతాడని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సరే సార్, ఇవన్నీ తెల్లదొరల దేశాల సంగతులు అంటారా? మన పక్క రాష్ట్రానికి వెళ్దాం. కోయంబత్తూరు జిల్లాలో, మేట్టుపాళయం దగ్గర ఓడందురై అని ఒక పంచాయతీ. 2006లో ఆ పంచాయతీ సొంతానికి ఒక 350 కిలోవాట్ల ఫ్యాను కొంది. ఖర్చు 1 కోటి 55 లక్షలు. పంచాయతీ సొంత నిధి 40 లక్షలు, మిగతా 1 కోటి 15 లక్షలు బ్యాంకు లోన్. మార్జిన్ మనీ, అంటే సొంతంగా పెట్టిన వాటా, పాతిక శాతం పైనే ఉంది, నా సీట్లో ఎవరున్నా సంతకం పెట్టేవారు. (నవ్వులు) ఫ్యానును ఊళ్లో పెట్టలేదు. గాలి బాగుండే ఉడుమలైపేట వైపు పెట్టారు. అక్కడ తయారైన కరెంటును రాష్ట్ర విద్యుత్ బోర్డు తన లైన్ల మీద లెక్కలోకి తీసుకుంది. ఏడాదికి సుమారు ఆరున్నర లక్షల పైచిలుకు యూనిట్లు. ఊరి వీధి దీపాలకు, నీళ్ల మోటార్లకు కావాల్సింది నాలుగున్నర లక్షలు. మిగిలింది బోర్డుకు అమ్మకం. ఆ డబ్బుతోనే లోన్ తీర్చారు.

ఇది ఎలా కుదిరింది? పంచాయతీకి తరుగుదల లాభం లేదు కదా? కుదిరింది ఎందుకంటే తమిళనాడులో అప్పట్లో బ్యాంకింగ్ అని ఒక ఏర్పాటు ఉండేది. మా బ్యాంకింగ్ కాదు. గాలికాలంలో ఎక్కువ వచ్చిన యూనిట్లను బోర్డు దగ్గర దాచుకుని, ఐదు శాతం కోత పోను, గాలి లేని నెలల్లో వాడుకోవడం. జొన్నలు పాతరలో వేసుకున్నట్టు. మే నుంచి అక్టోబరు దాకా వచ్చిన గాలితో జనవరిలో వీధి దీపం వెలిగింది. ప్రభుత్వం జేబులోంచి రొక్కం ఇచ్చింది లేదు. లైను వాడుకోనిచ్చింది, పాతర ఇచ్చింది, మిగిలింది కొంది. ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడు సబ్సిడీ ఎంత అని ఒక్క గడి పెడతారు. పాతర ఉందా లేదా అని ఇంకో గడి పెట్టండి.

ఇప్పుడు నా మూడో ప్రశ్న. డబ్బు ఇవ్వాల్సినవాడు నమ్మకస్తుడేనా? ఇది చెప్పకపోతే నేను మిమ్మల్ని మోసం చేసినట్టే. మన రాష్ట్రంలో అప్పటికే ఒప్పందాలున్న ఫ్యాన్లకు యూనిట్‌కు 4 రూపాయల 80 పైసల పైన ధర. 2017 వేలాల్లో కొత్త ఫ్యాన్ల ధర రెండున్నర చిల్లరకు పడిపోయింది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాలను మళ్లీ మాట్లాడుకుందాం అంది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. తేలేదాకా 2 రూపాయల 43 పైసల చొప్పున ఇవ్వమన్నారు. ఒప్పందం ధరే ఇవ్వాలని 2022 మార్చిలో డివిజన్ బెంచ్ తేల్చింది. ఎవరిది న్యాయం అన్న చర్చ ఇక్కడ వద్దు. డిస్కం, అంటే కరెంటు కొని మనకు పంచే సంస్థ, దాని నష్టం చివరికి మన బిల్లు మీదే పడుతుంది, ఆ వాదనా ఉంది. నేను అడిగేది ఒక్కటే: ఆ రెండున్నరేళ్లు సగం ధరతో వాయిదాలు కడుతూ, లాయర్లకు ఫీజులిస్తూ కంపెనీలు నిలబడ్డాయి. ఆ ఫ్యాను బెళుగుప్ప రైతు సంఘానిది అయ్యుంటే? మూడో నెలకే నా బ్రాంచి వాళ్లే నోటీసు ఇచ్చేవారు. నేనే సంతకం పెట్టేవాణ్ణి.

అందుకే సంఘాల ఫ్యానుకు కావాల్సింది ఎక్కువ ధర కాదంటాను. తక్కువైనా తప్పని ధర కావాలి, నెల నెలా పడాలి. ఆలస్యమైతే ఇచ్చే ఫండ్ ఒకటి వెనక ఉండాలి. కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకం చూడండి, 2019లో వచ్చింది. రైతులు, పంచాయతీలు, సహకార సంఘాలు అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా కరెంటు ప్లాంట్లు పెట్టుకోవచ్చన్నారు, కొన్నందుకు డిస్కంకు కూడా యూనిట్‌కు 40 పైసలు ఐదేళ్లు. కొనేవాడికే ప్రోత్సాహం ఇవ్వడం మంచి ఆలోచన. కానీ ఆచరణలో అది సోలార్ పథకమే అయింది. పలకలు చిన్న చిన్నగా పెట్టుకోవచ్చు. ఈ రోజుల్లో ఫ్యాను అంటే మూడు మెగావాట్లు, ఒక్కటే ఇరవై కోట్ల దాకా. పావు ఫ్యాను పెట్టుకోలేం. మనకు కుదిరేది మిడెల్‌గ్రుండెన్ తరహా, పెద్దదాంట్లో ముక్కలు.

చీటీ వచ్చింది. "మా ఊరి పక్కన కొత్త కంపెనీ సర్వే చేస్తోంది, ఏం అడగాలి?" మంచి ప్రశ్న.

కౌలు ఎంత అని అందరూ అడుగుతారు. మీరు యూనిట్ మీద ఎంత అని అడగండి. ఏడాదికి ఇంత అని స్థిరమైన మొత్తం కనీసంగా ఉంచి, దాని పైన అమ్మిన యూనిట్లలో ఒక శాతం. నెలవారీ మీటర్ రీడింగ్ కాపీ మీకివ్వాలని రాయించుకోండి, లేకపోతే శాతం అనేది గాల్లో మాటే. ఫ్యాను చేతులు మారితే మీ ఒప్పందం కొత్తవాడికీ వర్తించాలి. ఆయుష్షు తీరాక దిమ్మె ఎవరు తవ్వి తీయాలి అన్నది కూడా. కింద ఎంత కాంక్రీటు పోస్తారో చూసినవాళ్లకు తెలుసు.

ఇంకోటి. రామగిరి వైపు, ఇప్పుడది సత్యసాయి జిల్లా, 1990ల్లో పెట్టిన చిన్న మిషన్లు ఉండేవి. అలాంటి పాతవి తీసేసి అదే చోట పెద్దవి పెట్టడాన్ని రీపవరింగ్ అంటారు. కేంద్రం 2016లో దానికొక విధానం తెచ్చింది, వడ్డీలో పావు శాతం తగ్గింపుతో. 2023 డిసెంబరులో దాన్ని సవరించింది కూడా. మంచి గాలున్న చోట్లను చాలావరకు ముప్పై ఏళ్ల క్రితమే పాత మిషన్లు ఆక్రమించాయి, కాబట్టి కంపెనీలు ఎలాగూ అక్కడికి తిరిగి వస్తాయి. పాత కాగితం ఎప్పటితో ముగుస్తుందో, అందులో భూమి అమ్మారా, కౌలుకిచ్చారా, చాలామందికి గుర్తు లేదు. తండ్రులు వేలిముద్రలు వేశారు, కొడుకులు బెంగళూరులో ఉన్నారు. ఇక్కడికి వచ్చినవాళ్లలో ఎవరి ఇంట్లోనైనా అలాంటి కాగితం ఉంటే జిరాక్స్ తీయించి ఆదివారం పట్టుకురండి. నేను ఇంట్లోనే ఉంటాను. కళ్లజోడు మాత్రం మీరే తేవాలి, ఆ అక్షరాలు నాకు ఆనవు. (నవ్వులు, చప్పట్లు)